ముప్పై ఏళ్లు రెండో కుర్చీలో: బిల్ గత్రిడ్జ్‌ను ఎలా అంచనా వేయాలి?

పాతరికార్డు:
అమెరికా కళాశాల బాస్కెట్‌బాల్ కోచ్ బిల్ గత్రిడ్జ్ గురించి ఏ వ్యాసం తిరగేసినా మొదటి వాక్యంలోనే, ఆయన ముప్పై ఏళ్లు ఎవరి దగ్గర అసిస్టెంట్‌గా ఉన్నారో ఆ నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయ హెడ్ కోచ్ డీన్ స్మిత్ పేరు వస్తుంది. అది అన్యాయమని నేను అనడం లేదు గాని, ఆ తరువాత వచ్చే వాక్యాలన్నీ 1997 నుంచి 2000 వరకు ఆయన నార్త్ కరొలైనా హెడ్ కోచ్‌గా ఉన్న మూడేళ్ల చుట్టూనే తిరగడం, అంతకు ముందరి ముప్పై ఏళ్లు ఒక్క వాక్యంలో ముగిసిపోవడం నాకు ఎప్పుడూ వింతగానే తోస్తుంది.

కొత్తవారి కోసం క్లుప్తంగా చెబుతాను. గత్రిడ్జ్ 1937లో కాన్సస్‌లోని పార్సన్స్‌లో పుట్టారు. కాన్సస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో టెక్స్ వింటర్ దగ్గర ఆడారు. 1958లో ఆ జట్టు ఫైనల్ ఫోర్ (జాతీయ టోర్నమెంటులో చివరి నాలుగు జట్ల దశ) చేరినప్పుడు అందులో సభ్యులు. 1962లో అదే వింటర్‌కు అసిస్టెంట్‌గా చేరి, 1967లో నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయం ఉన్న చాపెల్ హిల్‌కు మారి, స్మిత్ పదవీ విరమణ చేసిన 1997 అక్టోబరు వరకు ఆయన పక్కనే కూర్చున్నారు. హెడ్ కోచ్‌గా మూడు సీజన్లలో 80 విజయాలు, 28 ఓటములు, రెండు ఫైనల్ ఫోర్లు. మొదటి ఏడాదే నైస్మిత్ ఉత్తమ కోచ్ పురస్కారం. ఆటగాడిగా, అసిస్టెంట్‌గా, హెడ్ కోచ్‌గా అన్నీ కలిపితే ఆయన పాలుపంచుకున్న ఫైనల్ ఫోర్లు 14. వాటిలో 11 అసిస్టెంట్‌గా వచ్చినవే.

హెడ్ కోచ్ పని గెలుపోటముల పట్టికలో కనిపిస్తుంది, అసిస్టెంట్ పని అందులో ఎక్కడా కనిపించదు. మరి కళాశాల ఆటగాడిగా మొదలై జీవితమంతా అసిస్టెంట్‌గానే గడిపిన మనిషి వృత్తిని దేనితో కొలవాలి? నా మటుకు నాకు ఆ చివరి మూడేళ్లే ముందరి ముప్పై ఏళ్లకు సాక్ష్యం అనిపిస్తుంది. మీ అభిప్రాయాలు వినాలని ఉంది.

బాక్స్‌స్కోర్:
పాతరికార్డు గారూ, సాక్ష్యమంటే అన్ని పేజీలూ చూడాలి కదా. 1997-98లో 34 విజయాలు, 4 ఓటములు సాధించిన జట్టులో ఆంటవాన్ జేమిసన్, విన్స్ కార్టర్ ఉన్నారు; వారిద్దరినీ చేర్చుకున్నది స్మిత్ కాలంలోనే. వారు వెళ్లిపోయాక 24-10, ఆ తరువాత 22-14. 1999లో మొదటి రౌండులోనే వెబర్ స్టేట్ చేతిలో ఓటమి. 2000లో ఎనిమిదో సీడుగా ఫైనల్ ఫోర్ చేరడం గొప్పే, కాదనను. కాని మొత్తం మీద అది పైనుంచి కిందికి దిగిన గీతే.

నా అసలు అభ్యంతరం వేరు. తన పేరు మీద నిర్ణయం తీసుకోని మనిషి శక్తిని మనం అంచనా వేయగలమా? అసిస్టెంట్ పది సలహాలు ఇస్తాడు, హెడ్ కోచ్ రెండు తీసుకుంటాడు. ఆ రెండూ ఫలిస్తే పేరు హెడ్ కోచ్‌ది, బెడిసికొడితే నింద కూడా ఆయనదే. నింద అంటని చోట కీర్తి కూడా పరిమితంగానే ఉండాలన్నది నా లెక్క. 1978లో పెన్ స్టేట్ హెడ్ కోచ్ పదవికి గత్రిడ్జ్ ఒప్పుకుని, ప్రయాణం మధ్యలో విమానాశ్రయంలోనే మనసు మార్చుకుని వెనక్కి వచ్చేసిన సంగతి అందరికీ తెలిసిందే. దాన్ని విశ్వాసమని మెచ్చుకునేవారు ఉన్నారు. నాకు మాత్రం అది పరీక్ష రాయకుండా హాలు బయటినుంచే తిరిగి వచ్చేయడంలా కనిపిస్తుంది.

వీడియోగది:
చదువుకునే రోజుల్లో నేను ఒక కళాశాల జట్టుకు విద్యార్థి మేనేజరుగా పనిచేశాను. అసిస్టెంట్ కోచ్‌కు నింద అంటదన్న మాట అక్కడ ఎవరూ నమ్మరు.

ప్రతి ప్రత్యర్థినీ ఒక అసిస్టెంట్‌కు అప్పగిస్తారు. దాన్ని ‘స్కౌట్’ అంటారు. ఈ శనివారం స్కౌట్ నీది అని హెడ్ కోచ్ చెప్పాడంటే, ఆ జట్టు ఆడిన ఆటలన్నీ చూసి, ముక్కలుగా కోసి, వారి సెట్లకు (ముందే అనుకున్న ఎత్తులకు) వారు పెట్టుకున్న పేర్లు, చేతి సైగలు, సైడ్‌లైన్ నుంచి బంతి లోపలికి వేసే ఎత్తులు అన్నీ రాబట్టడం ఆ అసిస్టెంట్ పని. ఇంతా చేసి చివరికి ఆటగాళ్ల చేతికి ఇచ్చేది ఒక్క కాగితం, ఎందుకంటే రెండో పేజీ ఎవరూ చదవరు. ఒక్కో ఆటగాడికి మూడు నాలుగు మాటలు: ఎడమ చేతి వైపు నెట్టండి, షాట్ నటిస్తాడు, పైకి లేవకండి, స్క్రీన్ (దారికి అడ్డంగా నిలబడే ఆటగాడు) కింద నుంచి వెళ్లండి, బయటి నుంచి వేయలేడు. తరువాత బెంచి చివరి ఆటగాళ్లకు ప్రత్యర్థి ఎత్తులు నేర్పి, సాధనలో మొదటి ఐదుగురి ఎదుట ఆడిస్తారు. ఆట రోజు ప్రత్యర్థి కోచ్ రెండు వేళ్లు నుదుటికి ఆనించగానే మా అసిస్టెంట్ ఆ సెట్ పేరు అరిచేవాడు, బంతి అప్పటికి సగం గీత కూడా దాటి ఉండదు.

బయటి నుంచి వేయలేడు అని రాసిన ఆటగాడు వరుసగా మూడు త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) వేస్తే ఏమవుతుందో చెప్పనా? హెడ్ కోచ్ తల తిప్పి చూసేది ఆటగాళ్ల వైపు కాదు, స్కౌట్ రాసిన అసిస్టెంట్ వైపు. ఆ చూపు పత్రికల్లో రాదు, కాని వచ్చే ఏడాది ఒప్పందంలో వస్తుంది. కళాశాల క్రీడలను నడిపే సంఘమైన ఎన్‌సీఏఏ టోర్నమెంటులో ఇది ఇంకా కఠినం: గురువారం రాత్రి గెలిస్తే శనివారం మళ్లీ ఆట, మధ్యలో ఒక్క రోజు. అందుకని ఎదురుపడే అవకాశమున్న జట్లను ముందే పంచుకుని స్కౌట్లు సిద్ధం చేస్తారు. ఓడిపోయిన జట్టు మీద చేసిన పని అంతా చెత్తబుట్టలోకి పోతుంది.

టైమౌట్ తీసుకున్నప్పుడు గమనించండి. ఆటగాళ్లు కూర్చుంటారు, కోచ్‌లు మాత్రం కాసేపు కోర్టు మీదే గుంపుగా నిలబడతారు. ఆ కొన్ని క్షణాలే అసిస్టెంట్ల శాసనసభ. నిర్ణయం అక్కడే జరుగుతుంది, ప్రకటన ఆటగాళ్ల ముందు జరుగుతుంది.

పాతరికార్డు:
వీడియోగది గారికి ధన్యవాదాలు. గత్రిడ్జ్ చాపెల్ హిల్‌లో ముఖ్యంగా చూసుకున్నవి షూటింగ్ మెళకువలు, పోస్టులో, అంటే బుట్టకు దగ్గరగా, ఆడే పొడుగు ఆటగాళ్ల శిక్షణ. జేమిసన్ లాంటి ఆటగాడు హెడ్ కోచ్ మారిన ఏడాదే దేశంలో ఉత్తమ ఆటగాడిగా ఎంపిక కావడంలో ఈ సంగతిని లెక్కలోకి తీసుకోవాలి. బాక్స్‌స్కోర్ గారు చేర్చుకున్నది ఎవరన్నది మాత్రమే చూస్తున్నారు, తీర్చిదిద్దింది ఎవరన్నది చూడడం లేదు.

శైలజ_పి:
ఈ చర్చలో డబ్బు ప్రస్తావన రాలేదు. అసిస్టెంట్‌గా ఉండిపోవడాన్ని విశ్వాసం, ఆశయం అనే మాటలతోనే మాట్లాడుకుంటున్నాం గాని, ఆ కుర్చీలో కూర్చోగలిగే స్థోమత ఎవరికుందన్నది కూడా చూడాలి.

రాయ్ విలియమ్స్ 1978లో అదే నార్త్ కరొలైనాలో అసిస్టెంట్‌గా చేరినప్పుడు ఆయన జీతం ఏడాదికి 2,700 డాలర్లు. అప్పటికే ఒక ఉన్నత పాఠశాలలో హెడ్ కోచ్‌గా స్థిరపడిన మనిషి, పెళ్లయి బిడ్డ ఉన్న మనిషి. ఇల్లు గడవడానికి జట్టు క్యాలెండర్లు అమ్మారు. ఆదివారం తెల్లవారుజామునే కారులో బయలుదేరి, స్మిత్ టీవీ కార్యక్రమం టేపులను స్టేషన్లకు చేరవేశారు. అంత ఓపిక పట్టగలిగిన కుటుంబం ఉంది కాబట్టి మనకు ఆయన పేరు తెలిసింది. పట్టలేక ఆట వదిలి వేరే ఉద్యోగం చూసుకున్నవారి పేర్లు ఏ రికార్డు పుస్తకంలోనూ ఉండవు.

ఆ తరువాత ఈ పేదరికాన్ని నిబంధనగానే మార్చేశారు. ఖర్చులు తగ్గించే పేరుతో 1991లో ఎన్‌సీఏఏ ఆమోదించిన నియమం ప్రకారం డివిజన్ 1 (పై స్థాయి) బాస్కెట్‌బాల్‌లో ఒక అసిస్టెంట్ ‘పరిమిత ఆదాయ కోచ్’. చదువుల కాలానికి 12,000, వేసవికి 4,000, మొత్తం 16,000 డాలర్లకు మించి ఇవ్వకూడదు. కొత్తవారికి అవకాశం కల్పించడానికే ఈ పదవి అన్నారు, అయితే అనుభవం ఉన్నవారు కూడా అదే జీతానికి ఆ పదవుల్లో పనిచేయవలసి వచ్చింది. లా వర్సెస్ ఎన్‌సీఏఏ కేసులో 1995లో కాన్సస్ ఫెడరల్ జిల్లా న్యాయస్థానం ఇది పోటీని కాపాడే (యాంటీట్రస్ట్) చట్టానికి విరుద్ధమని తేల్చింది, 1998 జనవరిలో పదో సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ తీర్పును ఖరారు చేసింది. అదే ఏడాది మే నెలలో జ్యూరీ నిర్ణయించిన నష్టపరిహారం చట్టప్రకారం మూడింతలై దాదాపు 6 కోట్ల 70 లక్షల డాలర్లకు చేరింది. చివరికి 1999లో 5 కోట్ల 45 లక్షలకు రాజీ కుదిరింది. అన్ని క్రీడల పరిమిత ఆదాయ కోచ్‌లూ కలిసి పంచుకున్న మొత్తం అది.

కాబట్టి బాక్స్‌స్కోర్ గారూ, అసిస్టెంట్ల విలువ ఎవరూ కొలవలేదనడం సరి కాదు. ఒక న్యాయస్థానం డాలర్లలో కొలిచింది.

బాక్స్‌స్కోర్:
శైలజ గారూ, న్యాయస్థానం కొలిచింది వారికి జరిగిన నష్టాన్ని, ప్రతిభను కాదు. పైగా మీరు చెప్పిన ఉదాహరణ నా వాదనకే పనికొస్తుంది. విలియమ్స్ పదేళ్లు అసిస్టెంట్‌గా ఉండి, 1988లో కళాశాల స్థాయిలో ఎన్నడూ హెడ్ కోచ్‌గా చేయకుండానే కాన్సస్ పగ్గాలు పట్టారు. 1991 ఫైనల్ ఫోర్‌లో తన గురువు జట్టునే ఓడించారు. రెండు టెక్నికల్ ఫౌల్స్‌తో స్మిత్ కోర్టు విడిచి వెళ్లవలసి వచ్చిన ఆట అది. ఒకే బెంచి మీద కూర్చున్న ఇద్దరిలో ఒకరు లేచి వెళ్లి తానేమిటో చూపించారు, మరొకరు ఉండిపోయారు. ఈ ఇద్దరినీ ఒకే తక్కెడలో తూచమంటే ఎలా?

సుధామయి:
ఉండిపోవడమే నేరమన్నట్టు మాట్లాడుతున్నారు. పురుషుల ఆట పక్కన పెట్టి కనెటికట్ మహిళల జట్టు వైపు చూడండి.

అక్కడి అసిస్టెంట్ క్రిస్ డేలీ రట్గర్స్ విశ్వవిద్యాలయానికి ఆడారు. 1982లో టెక్సస్‌ను ఓడించి మహిళల కళాశాల క్రీడల సంఘం ఏఐఏడబ్ల్యూ పోటీలో జాతీయ విజేతగా నిలిచిన జట్టు ఆమెది. ఆ సంఘం నిర్వహించిన చివరి టోర్నమెంటు కూడా అదే, ఎందుకంటే మహిళల క్రీడలు ఆ ఏడాదే ఎన్‌సీఏఏ చేతికి వెళ్లిపోయాయి. ఆడడం ముగిశాక కోచింగ్‌లోకి వచ్చి, 1985లో హెడ్ కోచ్ జీనో ఆరియెమ్మాతో పాటు కనెటికట్‌లో అడుగుపెట్టారు. అప్పటికి ఆ కార్యక్రమం (కళాశాల జట్టు వ్యవస్థ) చరిత్ర మొత్తంలో ఓటముల కంటే గెలుపులు ఎక్కువగా ఉన్న సీజన్ ఒక్కటే. 1995లో ఓటమి ఎరుగని 35-0 సీజన్‌తో మొదటి టైటిల్. 2025 నాటికి టైటిళ్లు 12. ఆ పన్నెండింటిలోనూ ఆయన పక్కన ఉన్నది ఆమే.

2021 మార్చిలో ఆరియెమ్మాకు కోవిడ్ సోకి, శాన్ ఆంటోనియోలో జరిగిన జాతీయ టోర్నమెంటు మొదటి రెండు రౌండ్లకు రాలేకపోయారు. డేలీ జట్టును నడిపించారు. హై పాయింట్ మీద, సిరక్యూస్ మీద ఏకపక్షంగా గెలిచారు. నన్ను ఆకట్టుకున్నది గెలుపు కాదు, తేడా కనిపించకపోవడం. సాధన ఎప్పుడు, ఎవరు ఎక్కడ ఉండాలి, ఎవరితో ఏ స్వరంలో మాట్లాడాలి అన్నవి ఏళ్ల తరబడి చూసుకుంటున్నది ఆమే కాబట్టి, ఆయన లేని రోజున జట్టుకు కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేకపోయింది. ఆమె ఇంకా అసిస్టెంట్‌గా పనిచేస్తుండగానే 2018లో మహిళా బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెను చేర్చుకుంది. లేచి వెళ్లి నిరూపించుకుంటేనే గౌరవమని వారు అడ్డుపెట్టలేదు.

బాక్స్‌స్కోర్ గారు అడిగిన తక్కెడ అదే అనుకుంటాను: ఒక కార్యక్రమం అంతంత కాలం చెక్కుచెదరకుండా నిలబడిందంటే, అందులో మారని మనుషులు ఎవరో చూడాలి. కనెటికట్‌లో అటువంటివారు ఇద్దరు. ఒక్కరి పేరే చెప్పడం మన అలవాటు.

డ్రాఫ్ట్‌బోర్డ్:
నేను ఈ చర్చకు కొత్త. ఒక సందేహం. గత్రిడ్జ్ ఆడింది కాన్సస్ స్టేట్‌కు, పేరు తెచ్చుకున్నది నార్త్ కరొలైనాలో. ఇప్పుడు పెద్ద కార్యక్రమాలు సొంత ఆటగాళ్లనే అసిస్టెంట్లుగా తెచ్చుకుని, తరువాత హెడ్ కోచ్‌లను చేస్తున్నాయి కదా. జాన్ షైర్ డ్యూక్ తరఫున 2010లో టైటిల్ గెలిచారు, 2014 నుంచి అక్కడే అసిస్టెంట్, 2022లో హెడ్ కోచ్. హ్యూబర్ట్ డేవిస్ నార్త్ కరొలైనాకు ఆడి, ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో పన్నెండు సీజన్లు గడిపి, టీవీ విశ్లేషకుడిగా చేసి, 2012లో అసిస్టెంట్‌గా తిరిగి వచ్చి, 2021లో హెడ్ కోచ్ అయ్యారు. మాజీ ఆటగాడన్న పేరు అసిస్టెంట్ ఉద్యోగానికి నిజంగా అర్హతేనా, లేక అభిమానులను సంతోషపెట్టడానికా?

వీడియోగది:
రెండూ ఉంటాయి. పాత ఆటగాడు వచ్చి ‘నేను ఇదే గదిలో కూర్చున్నాను’ అంటే పదిహేడేళ్ల కుర్రవాడి తల్లిదండ్రులు వింటారు. రిక్రూటింగ్‌లో, అంటే ఆటగాళ్లను చేర్చుకోవడంలో, అది చిన్న బలం కాదు. కాని స్కౌట్ రాయడానికి ఆ పేరు పనికిరాదు. తాను ఆడిన ఆటను ఇతరులకు విడమరచి చెప్పలేని గొప్ప ఆటగాళ్లను చూశాను. తమకు ఒంటికి అబ్బినదాన్ని మాటల్లో పెట్టలేక వారు అవస్థ పడతారు. బెంచి మీద ఎక్కువ కాలం గడిపిన ఆటగాళ్లు మంచి అసిస్టెంట్లు అవుతారన్న నానుడి అందుకే పుట్టింది.

టామీ లాయిడ్ సంగతి చూడండి. ఆయన చివరగా ఆడింది విట్‌మన్ కాలేజీలో, ప్రపంచం గుర్తుపట్టే జట్టు కాదు. 2001లో గొంజాగా విశ్వవిద్యాలయంలో చేరి ఇరవై ఏళ్లు హెడ్ కోచ్ మార్క్ ఫ్యూ దగ్గర అసిస్టెంట్‌గా ఉన్నారు. అమెరికాలోని పెద్ద పేర్ల కోసం పెద్ద విశ్వవిద్యాలయాలతో పోటీపడితే నెగ్గలేమని గ్రహించి విదేశాల వైపు చూశారు. లిథువేనియా మూలాలున్న డొమాంటస్ సబోనిస్, జపాన్ నుంచి రుయి హచిమురా అలా వచ్చినవారే. ఇది సలహా కాదు బాక్స్‌స్కోర్ గారూ, ఒక అసిస్టెంట్ ఒక కార్యక్రమానికి దారి వేయడం. 2021లో అరిజోనాకు వెళ్లి మొదటి సీజన్‌లోనే 33 గెలిచారు. గత్రిడ్జ్ మొదటి సీజన్ 34 కంటే ఒక్కటే తక్కువ.

అయితే ఈ రిక్రూటింగ్ మెట్టు మీదే కొందరు జారిపడ్డారు కూడా. 2017 సెప్టెంబరులో ఫెడరల్ అధికారులు అరెస్టు చేసిన కోచ్‌లు నలుగురూ అసిస్టెంట్లే. ఆటగాడి కుటుంబానికి దగ్గరగా ఉండే మనిషి ఎవరో డబ్బు సంచితో వచ్చినవారికి బాగా తెలుసు.

శైలజ_పి:
ఇప్పుడు ఆ డబ్బు చట్టబద్ధమే అయింది కదా. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరును ప్రకటనలు వగైరాలకు ఇచ్చి సంపాదించుకోవచ్చు, కళాశాల మారదలచినవారు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ పుణ్యమా అని ప్రతి వసంతంలోనూ సగం జట్టు మారుతున్న చోట్లు ఉన్నాయి. 2023 జులై నుంచి అసిస్టెంట్ల సంఖ్యను మూడు నుంచి ఐదుకు పెంచారు, అయితే ఆ అదనపు ఇద్దరు క్యాంపస్ బయట రిక్రూటింగ్ చేయరాదన్నారు. పోస్టులో పాదం ఎలా తిప్పాలో నాలుగేళ్లు ఓపికగా నేర్పే గత్రిడ్జ్ లాంటివారికి ఈ ఏర్పాటులో చోటు ఎక్కడ? నేర్పడం పూర్తయ్యేలోగా ఆ కుర్రవాడు మరో జెర్సీలో ఉంటాడు.

పాతరికార్డు:
శైలజ గారి ప్రశ్నకు నా దగ్గర సగం జవాబే ఉంది. ఆటగాళ్లు నిలకడగా లేనప్పుడు అసిస్టెంట్ల నిలకడే జట్టుకు జ్ఞాపకశక్తి అవుతుంది.

బాక్స్‌స్కోర్ గారు అడిగిన సొంత నిర్ణయం విషయానికి వస్తాను. 1997-98లో గత్రిడ్జ్ దగ్గర మొదటి ఐదుగురిలో ఉండదగినవారు ఆరుగురున్నారు: జేమిసన్, కార్టర్, షమాండ్ విలియమ్స్, ఎడ్ కోటా, అడెమోలా ఒకులాజా, మఖ్తార్ ఎన్‌డియాయ్. ఎవరిని బెంచి మీద కూర్చోబెట్టినా అలక తప్పదు. ఆయన ఆరుగురినీ వంతుల వారీగా మొదటి ఐదుగురిలో ఆడించారు. కాగితం మీద చిన్న సంగతి. కాని కొత్తగా పగ్గాలు పట్టిన కోచ్ తన అధికారం చూపించుకోవాలని ఆత్రపడే వేళ, గదిలో ఎవరి మనసు ఎలా ఉందో తెలిసిన మనిషి మాత్రమే అలా చేస్తాడు. ఏళ్ల తరబడి ఆటగాళ్లు హెడ్ కోచ్‌కు చెప్పుకోలేనివి అసిస్టెంట్‌కే చెప్పుకున్నారు కదా.

బాక్స్‌స్కోర్:
ఆ ఆరుగురి ఏర్పాటు తెలివైనదే, ఒప్పుకుంటాను. అయితే శాన్ ఆంటోనియోలో యూటా చేతిలో 65-59తో ఓడిన సెమీఫైనల్‌లో అంత ప్రతిభ ఉన్న జట్టు 59 పాయింట్లకే ఎందుకు ఆగిపోయిందన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. గొప్ప అసిస్టెంట్, మంచి హెడ్ కోచ్ అంటాను. రెండో దాన్ని చూపించి మొదటిదాన్ని రుజువు చేయవద్దన్నదే నా మాట.

సుధామయి:
ఆ ఒక్క మాటలో మనిద్దరం ఏకీభవిస్తున్నాం బాక్స్‌స్కోర్ గారూ, కారణాలు వేరైనా. ఆ మూడేళ్లు లేకపోయినా గత్రిడ్జ్ గొప్పవారే అన్నది నా వాదన. 1982, 1993 టైటిళ్లు, 1976 మాంట్రియల్ ఒలింపిక్ స్వర్ణం, అన్నింటిలో ఆయన అసిస్టెంటే.

పాతరికార్డు గారు మొదట ప్రస్తావించిన టెక్స్ వింటర్‌ను కూడా ఒకసారి తలచుకోండి. గత్రిడ్జ్‌కు ఆట నేర్పిన ఆ పెద్దాయన ఎన్నో జట్లకు హెడ్ కోచ్‌గా చేసి, అరవై ఏళ్లు దాటాక 1985లో షికాగో బుల్స్‌లో అసిస్టెంట్‌గా చేరారు. హెడ్ కోచ్ ఫిల్ జాక్సన్ పక్కన కూర్చుని ట్రయాంగిల్ అఫెన్స్ అనే దాడి పద్ధతిని మైకేల్ జోర్డన్ చేత ఆడించారు, తరువాత లేకర్స్‌కు కూడా వెళ్లారు. 2011లో నైస్మిత్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయనను చేర్చుకుంది. ఆయనను ఈ రోజు మనం తలుచుకునేది కాన్సస్ స్టేట్ విజయాల కోసమా, ఆ రెండో కుర్చీలో చేసిన పని కోసమా?

పాతరికార్డు:
కాన్సస్ స్టేట్ అభిమానులు ఇద్దరు ముగ్గురు ఈ వేదికలో ఉన్నారు. వారు మొదటిదే అంటారు. 1958 జట్టు గురించి, ముఖ్యంగా ఆస్కార్ రాబర్ట్‌సన్ ఉన్న సిన్సినాటిని ఓవర్‌టైమ్‌లో ఓడించిన ఆట గురించి వారు రాస్తే ఇదే చర్చలో కొనసాగిద్దాం.